పక్క సీటు

అడుగంటిన పాలగిన్నెను గోకుతోంది. చప్పుడు కాకూడదు కాబట్టి గిన్నెను పొట్టకు ఆనించుకుని, కుళాయిని సన్నని ధారగా వదిలి, మాడు పొరను పీచుతో కొంత, గోటితో కొంత లేపుతోంది. పక్క గదిలో నాన్న పడుకుని ఉన్నాడు. గోడ మీద గడియారం మూడుంబావు చూపిస్తోంది. "నాలుగు కాకముందే లేపు కండక్టరూ, ఇవాళ్టి సాయంత్రం లోడు నీది. నేను పక్కన కాలు మీద కాలేసుకుని దర్జాగా కూర్చుంటా" అన్నాడు తలగడ సర్దుకుంటూ. అలా అన్నప్పుడు ఆయన ముఖంలో ఉన్న వెలుగును చూడలేకే తను వంటగదిలోకి వచ్చింది. వచ్చి, టీ పెడదామని పాలు పొయ్యి మీద పెట్టి, వాటినే చూస్తూ నిలబడింది. చూస్తూ ఉండగానే అవి పొంగి, ఇగిరి, మాడి గది నిండా వాసన కమ్మింది. మూడేళ్లుగా ఒక్క సైకిల్‌నీ ఒక్క కుక్కనీ వదలకుండా చూసిన కళ్లకి జానెడు దూరంలో ఉన్న పాలు కనిపించలేదు.

జేబులో రెండో కాగితం ఉంది. నాలుగు మడతలు పెట్టిన పల్చటి కాగితమే, కానీ వంగినప్పుడల్లా ఇటుకముక్కలా తొడకి ఒత్తుకుంటోంది. మొదటి కాగితం నాన్న తలగడ కింద ఉంది. దాని మీద తన ఫొటో ఉంది, పుట్టిన తేదీ ఉంది, పద్దెనిమిది నిండి ఇవాళ్టికి నాలుగో రోజు. కింద ఊదారంగు ముద్ర. బండి నడపడం నేర్చుకోవడానికి ఆర్నెల్లపాటు అనుమతి. మధ్యాహ్నం గుమ్మంలో అడుగుపెట్టగానే "వచ్చింది నాన్నా" అని చేతికిచ్చింది. నాన్న దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, కోడి గింజను చూసినట్టు మెడ పక్కకి వంచి, కుడికంటి కొసతో ఓరగా చాలాసేపు చూశాడు. తర్వాత చూడటం మానేసి బొటనవేలితో తడిమాడు, అంచులు, మూలలు, ముద్ర పడినచోటు. "ఫొటోలో నవ్వావా?" అని అడిగాడు. లేదంది. "నవ్వాల్సింది. రేపు ఏ పోలీసో ఆపితే వాడు చూసేది ఆ ముఖమే." అప్పుడైనా రెండో కాగితం తీసి ఇవ్వాల్సింది. చెయ్యి జేబులోకి వెళ్లింది కూడా. వెళ్లి అక్కడే ఉండిపోయింది.

అది లైసెన్సు ఆఫీసువాళ్లు నాన్నకి పంపిన నోటీసు. సోమవారం పదిన్నరకి వచ్చి కళ్లు మళ్లీ చూపించుకోవాలి, లైసెన్సు అక్కడ అప్పగించాలి. మధ్యలో ఒక వాక్యం ఉంది, బస్సులో కూర్చుని దాన్ని పదిసార్లు చదివింది: ఈ నోటీసు అందినది మొదలు ఎటువంటి వాహనమూ నడపరాదు. అందినది మొదలు. అంటే ఇంకా అందలేదు. తన జేబులో ఉన్నంతసేపు అది ఎవరికీ అందలేదు. పక్క గదిలో పడుకున్న మనిషి ఇంకా డ్రైవరే. ఇరవై రెండేళ్లుగా డ్రైవరు, ఇంకో ముప్పావుగంట డ్రైవరు. పడుకోనీ. ఈ గిన్నె శుభ్రమయ్యేదాకా పడుకోనీ. మాడు ఒకచోట పోతే ఇంకోచోట కొత్తగా కనిపిస్తోంది, మంచిదే, పోకపోతేనే మంచిది.

ఎప్పుడు మొదలైందో ఎవరికీ సరిగ్గా తెలియదు. నాన్న లాండ్రీ వ్యాను తోలతాడు. పొద్దున లాడ్జీలనుంచి, ఆసుపత్రినుంచి మాసిన దుప్పట్ల మూటలు తెస్తాడు, సాయంత్రం ఉతికి ఇస్త్రీ చేసినవి తిరిగి అప్పగిస్తాడు. అమ్మ అదే లాండ్రీలో ఇస్త్రీ యంత్రం మీద పని చేస్తుంది. బడి వదిలాక తను మూటలు అందించడానికి వ్యానెక్కేది, అప్పటికి పదిహేనేళ్లు. ఒకరోజు సందు మలుపులో నాన్న బండి ఆపి, తల బయటపెట్టి, "జరగవయ్యా పెద్దమనిషీ, ఈ రోడ్డేమన్నా మీ మామగారు రాసిచ్చాడా?" అని అరిచాడు. ఎదురుగా ఎవరూ లేరు. ఎర్రటి తపాలా పెట్టె ఉంది. తను పకపకా నవ్వింది. నాన్నా నవ్వాడు. ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. తను నవ్వడం ఆపాక కూడా నాన్న ఇంకొంచెంసేపు నవ్వాడు, ఆ ఇంకొంచెంసేపులోనే తనకి అర్థమైంది. మర్నాడు సిగ్నల్ దగ్గర నాన్న అటూ ఇటూ మెడ వంచుతుంటే తనే మెల్లగా అంది, "పచ్చ." నాన్న గేరు వేశాడు. అంతే. నాకు కనిపించడం లేదని ఆయన చెప్పలేదు, నీకు కనిపించడం లేదని తను అనలేదు. పచ్చ అంది, బండి కదిలింది.

అప్పటినుంచి తను మాట్లాడింది. బడిలో పంతులమ్మ "నోట్లో నాలుక లేని పిల్ల" అనేది, చుట్టాలింటికి వెళ్తే "ఈ పిల్ల మూగదా?" అని అడిగేవాళ్లు. వ్యానులో మాత్రం సాయంత్రమంతా నోరు మూతపడేది కాదు. ముందు ముసలాయన, కర్ర ఉంది, నిదానం. ఎడమ సైకిల్, తాగి ఉన్నాడు. గుంట, గుంట, అయిపోయింది. ఎరుపు. ఇంకా ఎరుపే. పచ్చ. నాన్న కళ్ల నడిమధ్యలో ఎవరో బొటనవేలితో నలిపేసినట్టు ఉంటుందట, పక్కనున్నవన్నీ కనిపిస్తాయి, ఎదురుగా ఉన్నదే కనిపించదు. అదీ ఎప్పుడో చాలా రోజులకి చెప్పాడు, వేరేవాళ్ల సంగతి చెప్పినట్టు. నాయనమ్మకీ అంతేనట. చివరి పదేళ్లు అడుగుల చప్పుడు బట్టి మనుషుల్ని పోల్చుకునేదట. రహస్యంగా ఒకసారి డాక్టరు దగ్గరికి వెళ్లారు ఇద్దరూ. ఇది రక్తంలో వచ్చేది, దీనికి చుక్కల మందు లేదు, కళ్లజోడు లేదు అన్నాడు డాక్టరు. అని, కాగితం మీద ఏదో రాస్తూ, తలెత్తకుండానే, "అమ్మాయిని కూడా ఓసారి చూపించండి" అన్నాడు. నాన్న సరేనన్నాడు. మళ్లీ ఎప్పుడూ ఆ దారిన వెళ్లలేదు.

అమ్మకి తెలుసా? తెలుసనే అనిపిస్తుంది. అమ్మ నాన్న ముందు గ్లాసు పెట్టేటప్పుడు అది బల్లకి తగిలి టక్కుమనేలా పెడుతుంది. అంతకు మించి ఏమీ అనదు. ఈ ఇంట్లో ఎవరూ ఏమీ అనరు, అదే ఈ ఇంటి పద్ధతి. అనకుండా ఉంటే జరగనట్టే.

గొడుగు. గొడుగు గురించి ఆలోచించకూడదనుకుంది, కానీ పీచు గుండ్రంగా తిరుగుతుంటే గొడుగే గుర్తొస్తోంది. ఎనిమిది నెలల కిందట, వాన వెలిసిన సాయంత్రం, తను ఒక్కసారి పక్కకి చూసింది. బట్టల దుకాణం అద్దంలో తన వయసు పిల్ల ఒకతె చెవికి కొత్త పోగు పెట్టుకుని మురిసిపోతోంది. ఎంతసేపు, రెండు క్షణాలు, మూడు. నోరు ఆగింది. నోరు ఆగిన ఆ మూడు క్షణాల్లో ఒకావిడ రోడ్డు దాటుతోంది. ఆవిడ కేకకి నాన్న బ్రేకు తొక్కాడు. ఆవిడకి ఏమీ కాలేదు. చేతిలోంచి జారిన గొడుగు చక్రం కిందపడి, ఊచలన్నీ బయటికొచ్చి, చచ్చిన గబ్బిలంలా రోడ్డు మీద పరుచుకుంది. "కళ్లు నెత్తికెక్కాయా?" అని ఆవిడ తిట్టిపోసింది, నాన్న దిగి చేతులు జోడించాడు, ఆవిడ ఒకవైపు నిలబడితే ఆయన ఇంకోవైపు తిరిగి. ఆ రాత్రి ఆయన భోజనం దగ్గర కూర్చుని లేచిపోయాడు. మర్నాడు వ్యానులో తాళం తిప్పకుండా చాలాసేపు కూర్చుని అన్నాడు, "ఇంక నేను తోలకూడదమ్మా. నీకు వయసు రానీ. నువ్వు తోలు, నేను పక్కన కూర్చుంటా. కొత్తగా నేర్చుకునేవాళ్ల పక్కన లైసెన్సున్న మనిషి ఉండాలని చట్టమే చెబుతోంది కదా. నీకు పర్మిట్టు, నాకు లైసెన్సు. నీకు కళ్లు, నాకు కాగితం. ఇద్దరం కలిస్తే ఒక డ్రైవరు. ఆర్నెల్లలో నీ లైసెన్సు నీకు వచ్చేస్తుంది. అప్పుడు నేను మూటలు అందిస్తా."

ఎంత చక్కగా ఉంది ఆ లెక్క. ఎక్కడా అబద్ధం లేనంత చక్కగా. ఒకే ఒక్క ఇబ్బంది, నాన్న లైసెన్సు గడువు తన పుట్టినరోజుకి నలభై రోజుల ముందే ముగుస్తుంది. తిరగరాయించుకోవాలంటే కళ్ల పరీక్ష. లాండ్రీ యజమానురాలు సొంత తమ్ముణ్ని ఆ వ్యాను మీద పెట్టుకోవాలని ఎప్పటినుంచో చూస్తోంది, ఒక్కరోజు సందు దొరికితే చాలు. అందుకని ఇద్దరూ కలిసి దరఖాస్తు తెచ్చుకునే వంకతో ఆ ఆఫీసుకి వెళ్లారు. కళ్లు చూసే గది తలుపు తీసే ఉంది. తను బయట బల్ల మీద కూర్చుని, ఇరవై అడుగుల దూరంలో గోడకున్న అట్టను పైనుంచి కింది దాకా చదివి, అరచేతిలో రాసుకుంది. ప. న, ల. క, త, ర. గ, మ, ద, వ. ఇంటికొచ్చి నాన్నకి చెబితే ఒక్క వరుస నిలిచేది కాదు. "ఈ అక్షరాలకి ఒక దారీ తెన్నూ లేవే" అని విసుక్కునేవాడు. దారి ఉంటే మర్చిపోడు కదా అని తనే దారి వేసింది. ప అంటే లాండ్రీ పెద్ద గేటు. అది దాటితే స్టేషను ముందరి రెండు లాడ్జీలు, న, ల. తర్వాత ఆసుపత్రి మూడు వార్డులు, క, త, ర. మలుపు తిరిగాక వరసగా నాలుగు హోటళ్లు, గ, మ, ద, వ. పదకొండు రోజులు వ్యానులో అదే పాట. బండి ఆపిన ప్రతిచోటా ఒక అక్షరం. మూట దించుతూ "ద" అనేవాడు నాన్న, హోటలు కాపలావాడు "ఏంటి సార్?" అనేవాడు. పన్నెండో రోజు నాన్న ఆ పాటతోనే కళ్ల పరీక్ష గట్టెక్కాడు. తనకి ఆ అట్ట ఎంతగా ఒంటికి పట్టిందంటే, నిద్రలో అటు తిరిగితే న, ఇటు తిరిగితే ల.

ఫోను మోగింది. తడిచేత్తోనే ఒక్క అంగలో వెళ్లి ఎత్తింది, రెండో మోత మోగకముందే.

"ఏమే డ్రైవరమ్మా!" అమ్మ. వెనకాల ఇస్త్రీ యంత్రాల బుసలు. "మీ నాన్న లేచాడా?"

"లేదు."

"లేపకు, నాలుగు దాకా పడుకోనీ. ఎన్నాళ్లైందో పగలు కునుకు తీసి. ఇదిగో, ఇక్కడందరికీ చెప్పేశాను. మా యంత్రం మీద ఉండే ఆడవాళ్లందరూ గేటు దగ్గర నిలబడతారట నువ్వొస్తే. మా యజమాని అమ్మగారు కూడా చూస్తానంది. నువ్వు గానీ ఆ గేటు స్తంభానికి గుద్దావో, నేను మళ్లీ ఇక్కడ తలెత్తుకోలేను."

"ఊఁ."

"ఊఁ ఏంటి? నోట్లో పీచు పెట్టుకున్నావా?"

"పాలు మాడాయమ్మా."

"మాడితే మాడనీవే, ఇవాళ నిన్నెవరు తిడతారు!" అమ్మ నవ్వింది. ఫోను పెట్టేసినా ఆ నవ్వు వంటగదిలో ఉండిపోయింది, మాడిన వాసనలో కలిసి.

మూడూ ముప్పై ఐదు. గేటు స్తంభానికి గుద్దదు. తనకి బాగా వచ్చు. లాండ్రీ వెనక దండేల మైదానంలో, సెలవు రోజుల్లో, తడి దుప్పట్ల మధ్య నాన్న నేర్పించాడు. ఎవరూ అలా నేర్పించి ఉండరు. చూడమని ఒక్కసారీ అనలేదు, వినమన్నాడు. "ఇంజిన్ గొంతు విను. బొంగురుపోతోందంటే గేరు మార్చమని అడుగుతోంది. క్లచ్చి మీద కాలు గుడ్డు మీద పెట్టినట్టు పెట్టు. అదిగో, చితక్కొట్టావు. మళ్లీ." దండెం మీది దుప్పట్లు గాలికి అద్దానికి తగిలి జారేవి, ముందు ఏమీ కనిపించేది కాదు, తను భయపడి ఆపేసేది. "ఎందుకాపావు?" "కనిపించట్లేదు." "నాకు రోజూ ఇంతే" అన్నాడు నాన్న. అని, తను బిగుసుకుపోవడం గమనించి, "దుప్పట్లకి గొడుగులుండవులే, పద" అన్నాడు. ఆ రోజు మొదటిసారి మూడో గేరులోకి వెళ్లింది. మైదానం చివరి గోడ దాకా వెళ్లి తిరిగొచ్చింది. నాన్న తొడ మీద చరుచుకుని, "నాకంటే నయం!" అన్నాడు. ఆయన నవ్వుతుంటే చూపు ఎటుందో తెలియదు, అందుకని ఆ నవ్వు ఎప్పుడూ ఇంకెవరినో చూసి నవ్వినట్టే ఉంటుంది. ఆ రోజు మాత్రం తననే.

గిన్నెలో ఒక మూల తెల్లబడింది. ఎందుకు నోరు తెరిచాను. ఇప్పటిదాకా ఆ గది చుట్టూ తిరుగుతోంది కానీ లోపలికి వెళ్లలేదు మనసు, ఇప్పుడు వెళ్లింది. పొద్దున పది. రోడ్డు గుర్తుల పరీక్ష అయింది, ఒక్కటీ తప్పు లేదు. తర్వాత కళ్ల గది. నేల మీద పసుపు గీత. గీత మీద నిలబడమన్నారు. ఒక కన్ను మూసుకోవడానికి నల్ల గరిట లాంటిది ఇచ్చారు. బల్ల వెనకాల కళ్లజోడు పెట్టుకున్న ఆవిడ కాగితాలు సర్దుకుంటూ, తల ఎత్తకుండానే "చదువమ్మా" అంది. అంతే. చదువమ్మా అనగానే నోరు వ్యానెక్కేసింది. ప, న, ల, క, త, ర, గ, మ. పెద్ద గేటు, రెండు లాడ్జీలు, మూడు వార్డులు. గోడ వైపు చూడనైనా లేదు. ద, వ. వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు.

ఆవిడ తలెత్తింది. "ఏం చదువుతున్నావమ్మాయ్? ఆ అట్ట తీసేసి మూడు వారాలైంది." ముందు నవ్వుతూనే అంది. "గోడ మీద ఉన్నది చదువు." అప్పుడు చూసింది. కొత్త అట్ట, వేరే అక్షరాలు, నల్లగా, స్పష్టంగా. చదివింది. పైనుంచి కిందికి, కుడికంటితో, ఎడమకంటితో, ఎక్కడా ఆగకుండా. చదువుతున్నకొద్దీ ఆవిడ నవ్వు తగ్గిపోయింది. "ఇంత బాగా కనిపిస్తుంటే పాత అట్ట కంఠతా పట్టాల్సిన ఖర్మ నీకేంటి?"

అక్కడ చెప్పాల్సింది. ఏదో ఒకటి. పోయిన నెల స్నేహితురాలితో వచ్చాను మేడం, కూర్చుని కూర్చుని బట్టీ వచ్చేసింది. అంత చిన్న అబద్ధం. బస్సులో గుర్తొచ్చాయి అలాంటివి ఏడెనిమిది, ఒకదాన్ని మించి ఒకటి. మూడేళ్లలో వ్యానులో ఎన్ని వేల మాటలు మాట్లాడి ఉంటుంది, అక్కడ ఒక్కటి రాలేదు. మాట్లాడకూడని చోట నోరు దానంతటదే వాగింది, మాట్లాడాల్సిన చోట పంతులమ్మ చెప్పిన పిల్ల అయి నిలబడింది. ఆవిడ దరఖాస్తు తిరగేసింది. వెనకవైపు ఒక గడి ఉంది, పక్కన కూర్చునే లైసెన్సుదారు ఎవరని. తండ్రి అని తనే రాసింది, గుండ్రటి అక్షరాలతో, కింద నాన్న లైసెన్సు నంబరు. ఆవిడ ఆ నంబరు కంప్యూటర్‌లో కొట్టింది. తెర వెలుతురు ఆవిడ అద్దాల మీద పడింది. నలభై నాలుగు రోజుల కిందట తిరగరాయించుకున్నాడు, అప్పటికి గోడ మీద పాత అట్టే. కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"మీ నాన్న ఏం తోలతాడమ్మా?"

"లాండ్రీ వ్యాను."

"రోజూనా?"

తలూపింది.

"నువ్వు పక్కన కూర్చుంటావా?"

దానికీ తలూపింది. అబద్ధం చెప్పడం రాకపోయినా తల ఊపకుండా ఉండొచ్చుగా. ఆవిడ చెడ్డది కాదు. కేక వేయలేదు, ఎవరినీ పిలవలేదు. "రోడ్డు మీద మా పిల్లలూ నడుస్తారమ్మా" అంది. ఎర్ర గొడుగు అది, పూల బొమ్మలున్నది. తర్వాత ఆవిడ తన పర్మిట్టు మీద ముద్ర వేసింది, నోటీసు రాసింది, రెండూ ఒకదానికొకటి గుండుసూదితో గుచ్చి చేతికిచ్చింది. "పక్కన కూర్చోడానికి ఇంకెవరినైనా చూసుకో. లైసెన్సున్న మనిషి లేకుండా ఈ పర్మిట్టు ఉత్త కాగితమే, తెలుసుగా." తెలుసు. ఇంకెవరున్నారు? అమ్మకి సైకిలే రాదు. ఆ ఒక్క గుండుసూదితో ఇద్దరి డ్రైవింగూ అయిపోయింది.

చింపేస్తే? ముక్కలు ముక్కలుగా చింపి ఈ మాడుతో పాటు కాలువలోకి వదిలేస్తే? సోమవారం వరకూ అందలేదని చెప్పొచ్చు. సోమవారం తర్వాత? ఇవాళ ఒక్కరోజు తోలితే? గేటు దగ్గర అమ్మ, యంత్రం ఆడవాళ్లు, యజమానురాలు. ఒక్కసారి ఆ గేటులోంచి బయటికి తీసి, నాలుగు హోటళ్ల ముందు ఆపి, నాన్నని దర్జాగా కూర్చోబెట్టి, ఒక్కరోజు. ఒక్కరోజు చాలు. కానీ తను తోలేటప్పుడు ఎవరైనా గొడుగు పట్టుకుని ఎదురొస్తే, పక్క సీటులో ఉన్నది లైసెన్సు కూడా కాదు. ఎటు తిప్పినా దారి అదే గోడకి తీసుకెళ్తోంది. గొడుగు ఆవిడకి చేతులు జోడిస్తూ నాన్న ఖాళీ జాగా వైపు తిరిగి నిలబడ్డాడు, ఆ రోజే ఆపేసి ఉండాల్సింది. ఆ రోజే ఎందుకు ఆపలేదు? ఎందుకంటే ఆ రోజు ఆపితే ఆయన ఏమవుతాడో తెలియదు. ఇప్పటికీ తెలియదు. ఇంట్లో కుర్చీలో కూర్చున్న నాన్నని ఊహించబోయింది. కుర్చీ కనిపించింది, నాన్న కనిపించలేదు.

"ఇంక చాలు, ఆ గిన్నెకి చిల్లు పడుతుంది."

ఉలిక్కిపడింది. గొంతు పక్క గదిలోంచి. గడియారంలో నాలుగుకి పది నిమిషాలు తక్కువ. చేతులు తుడుచుకుంటూ వెళ్లింది. నాన్న మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. దుప్పటి నలగలేదు.

"పడుకోలేదా నాన్నా?"

"నువ్వు గంటసేపు గిన్నె గోకుతుంటే ఎవడికి నిద్ర పడుతుంది?" తలగడ కింది పర్మిట్టు ఆయన చేతిలో ఉంది. పై మూలను బొటనవేలితో రాస్తున్నాడు. "ఇక్కడ రెండు బెజ్జాలున్నాయి. సూది గుచ్చినవి. ఒక్క కాగితానికి ఎవరూ సూది గుచ్చరు." చెయ్యి చాపాడు, తర్వాత తనే వెనక్కి తీసుకున్నాడు. "నాకెందుకులే ఇవ్వడం. చదువు."

మడతలు విప్పింది. ఆ క్షణంలో కూడా ఒక సందు ఉంది. ఆయన చూడలేడు. ఏది చదివితే అదే ఆ కాగితంలో ఉన్నది. సోమవారం నాకు పరీక్ష ఉందట అని తన పేరు పెట్టి చదవొచ్చు. మళ్లీ రమ్మన్నారు, ఇంకో ఫొటో కావాలట అనొచ్చు. మూడేళ్లలో ఒక్కసారీ ఎరుపుని పచ్చ అని చెప్పలేదు. చెప్పి ఉంటే ఇద్దరూ ఈపాటికి లేరు. గొంతు సవరించుకుని చదివింది, పేరు, నంబరు, తేదీ, సోమవారం పదిన్నర. అందినది మొదలు అన్న వాక్యం వచ్చింది. అక్కడ ఆగలేదు, ఆగితే ముందుకి వెళ్లలేనని తెలుసు. సంతకం, హోదా, అన్నీ చదివింది. చదివే గొంతు వ్యానులో గొంతులాగే ఉంది, గుంట, గుంట, అయిపోయింది.

వీధిలో ఎవరో బకెట్ లాగుతున్న చప్పుడు. అది దూరంగా వెళ్లేదాకా నాన్న అటే చెవి పెట్టాడు.

"పాత అట్ట చదివేశావా?"

"ఊఁ."

"ఎంతవరకు?"

"నాలుగు వరుసలు."

"నాలుగూనా." ఆయన పెదవి ఒక పక్కకి కదిలింది. "నేను ఆసుపత్రి దగ్గరే తడబడ్డాను ఆ రోజు."

తిట్టు నాన్నా అనాలనుకుంది. అనలేదు. ఈ ఇంట్లో ఎవరూ ఏమీ అనరు.

"తర్వాత కొత్తది చదివించి ఉంటారే."

"చదివించారు."

"కనిపించిందా?"

"అన్నీ."

"అన్నీ అంటే? కింది వరుసా?"

"దాని కింద అచ్చువేసిన ప్రెస్సు పేరు ఉంది నాన్నా, చీమ తలకాయంత. అది కూడా."

నాన్న ఊపిరి వదిలాడు. ఎంత పొడుగు ఊపిరి అంటే, అది ఇవాళ్టిది కాదని తనకి తెలిసిపోయింది. డాక్టరు తలెత్తకుండా ఆ మాట అన్న రోజునుంచి పట్టి ఉంచిందేమో. అమ్మ పక్కనే ఉన్నా సూదిలో దారం తననే ఎక్కించమనేవాడు. ఆకాశంలో అదిగో అంత చిన్న పక్షి ఏంటది అని అడిగేవాడు. "మంచిది" అన్నాడు. ఇంకోసారి, తనకి తను చెప్పుకుంటున్నట్టు, "మంచిది." పోగొట్టుకున్నదాని గురించి ఒక్క మాటైనా అని ఉంటే, చెంప మీద ఒక్కటి ఇచ్చి ఉంటే, మోయగలిగేది. ఆ మంచిది అన్న మాటను ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాగితాన్ని పాత మడతల మీదే మళ్లీ మడిచింది.

ఆయన లేచాడు. కొక్కేనికున్న పని చొక్కా తీసి వేసుకున్నాడు, జేబు మీద లాండ్రీ పేరున్న చొక్కా. బొత్తాలు కింది నుంచి పెట్టుకుంటూ వచ్చాడు, ఒకటి తప్పి ఒకటి పడింది, మెడ దగ్గర ఒక బెజ్జం మిగిలిపోయింది. చెప్పాలి. బొత్తం తప్పింది నాన్నా అని చెప్పాలి. నోరు తెరిచింది. ఆ నోట్లోంచి ఇంక ఏ మాట వచ్చినా ఇంకెవరి బతుకో పట్టుకెళ్తుందేమోనని మళ్లీ మూసుకుంది. ఆయన చెప్పులు కాలితో వెతికి తొడుక్కున్నాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని దాన్ని నాలుగుగా మడిచి మంచం కోడు మీద వేశాడు. ఎప్పుడూ అంత నీటుగా మడవడు. వస్తావా అని అడుగుతాడేమో అనుకుంది. నేనొక్కణ్నే వెళ్తా అంటాడేమో అనుకుంది. అమ్మగారికి చెప్పొస్తా అనో, మీ అమ్మకి చెప్పకు అనో. గుమ్మం దగ్గర తలుపు రెక్క మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. వీపు కనిపిస్తోంది. వీపు వెడల్పుగానే ఉంది, మూటలు మోసిన వీపు.

వెళ్లిపోయాడు. తలుపు ఆయన వెనకాల సగం మూసుకుని ఆగింది. మెట్ల మీద అడుగులు, ప్రతి అడుగుకీ ఆయన జేబులో బండి తాళాలు గలగలమంటున్నాయి. తను కిటికీ దగ్గరికి వెళ్లలేదు. నిలబడ్డచోటే నిలబడి విన్నది. కింద వ్యాను ఉన్నచోట తాళాల చప్పుడు ఆగింది. బండి స్టార్టయితే ఏం చెయ్యాలి, పరుగెత్తాలా, అరవాలా, ముందు నిలబడాలా అని ఆలోచించింది. బండి స్టార్టవలేదు. కొంచెంసేపటికి తాళాలు మళ్లీ గలగలమన్నాయి, బండిని దాటి, వీధిలోకి, లాండ్రీ వైపు, నడిచి వెళ్లే మనిషి వేగంతో.